చల్లని సీమల ఆర్కిడ్డులు – మన వేసవి



ఇటీవల మన యానాము ఇండ్ల వసారాలలో ఆర్కిడ్డు కుండీలు కానవచ్చుచున్నవి. డార్జిలింగు, గాంగ్‌టక్ వంటి కొండపట్టణములకు పోయినవారు ముచ్చటపడి కొన్నింటిని తెచ్చుచున్నారు. పూలున్నంత కాలము అవి ఇంటికి అలంకారము. మరుసటి వేసవి వచ్చునప్పటికి ఆకులు పండి, వేళ్లు కుళ్లి, మొక్క నశించును. “ఎంత నీరు పోసినను బ్రదుకలేదే!” యని పెద్దలు విచారింతురు. పెక్కుమారులు ఆ నీరే దాని చావునకు కారణము. అది యెట్లో ఈ పాఠమున తెలిసికొందము.

1. ఆర్కిడ్డు స్వభావము

ఆర్కిడ్డు కుటుంబమున ప్రపంచమందు రమారమి 28,000 జాతులు కలవు. మన దేశమున 1,200కు పైగా ఉన్నవి. వీనిలో అనేకము చెట్లకొమ్మలపై పెరుగును. అందుచేత కొందరు వీనిని బదనికలని తలంతురు. అది సరికాదు. బదనిక చెట్టులోనికి వేరు చొప్పించి దాని సారమును పీల్చుకొనును. ఆర్కిడ్డు చెట్టును నిలువనీడగా మాత్రమే గ్రహించును. దానికి కావలసిన నీరు వాన నుండియు, మంచు నుండియు లభించును.

ఈ మొక్కల వేళ్లపై దూదివంటి తెల్లని పొర యొకటి కలదు. వాన పడినంతనే అది నీటిని పీల్చి ఆకుపచ్చనగును. గాలికి ఆరి మరల వెండివలె తెల్లనగును. తడియుట, ఆరుట – ఈ రెండును ఆ వేళ్లకు అవసరమే. మట్టిలో పాతి, నిత్యము తడిపి ఉంచినచో వానికి గాలి యందక కుళ్లిపోవును.

2. పుట్టినచోటి యెత్తు

సముద్రమట్టము నుండి వేయి మీటర్లు పైకి పోయినకొలది వేడిమి ఇంచుమించు 6.5 సెంటీగ్రేడు డిగ్రీలు తగ్గును. గాంగ్‌టక్ సుమారు 1,650 మీటర్ల యెత్తున నున్నది. అనగా కేవలము ఎత్తు వలననే అచ్చట మనకంటె పది డిగ్రీలకు పైగా చల్లదనము.

తోటపనివారు ఆర్కిడ్డులను రాత్రి వేడిమిని బట్టి మూడు తరగతులుగా విభజింతురు. రాత్రి 10 మొదలు 13 డిగ్రీల వరకు కోరునవి శీతల జాతులు. 14 మొదలు 17 వరకు కోరునవి మధ్యమ జాతులు. 18కి పైన సుఖముగ నుండునవి ఉష్ణ జాతులు. పెద్దపూల గుత్తులు పూయు హిమాలయపు సింబిడియములు మొదటి తరగతిలోనివి. మన యూర మే నెలలో రాత్రియు 27, 28 డిగ్రీలకు తగ్గని దినములు పెక్కు. ఇక వాని యవస్థ ఊహింపుడు!

3. రాత్రి వేడి యేల హాని చేయును?

మొక్క పగటి వెలుతురులో ఆహారమును తయారుచేసికొనును. రేయింబవళ్లు శ్వాసించుచు దానిని వ్యయపరచును. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో శ్వాసక్రియ ఇంచుమించు రెండింతలగును. పగటి సంపాదన పెరుగలేదు. రాత్రి ఖర్చు మాత్రము పెరిగినది. ఆదాయమును మించిన వ్యయము గల సంసారము ఎన్నాళ్లు నిలుచును? ఇట్లు నీరసించిన మొక్కకు మనము జాలితో మరింత నీరు పోయుదుము. ఆ వెచ్చని తడిలో కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు ప్రబలును.

మందపు టాకులు గల ఫలనాప్సిస్, వాండా జాతులు పగలు పత్రరంధ్రములను మూసికొని, రాత్రి తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించును. దానిని ఆమ్లరూపమున దాచి, మరునాటి యెండలో ఆహారముగ మార్చుకొనును. కావున వీనికి కూడ రాత్రి చల్లగాలి మిక్కిలి అవసరము.

4. వేసవిలో చేయవలసిన పనులు

చోటు: ఉదయపు లేత యెండ తగిలి, మధ్యాహ్నము నీడ యుండు తూర్పు వసారా మంచిది. ఆకును చేతితో తాకి చూడుడు. చుట్టునున్న గాలికంటె వేడిగా తోచినచో నీడ చాలలేదని గ్రహింపుడు. సిమెంటు మేడపై కుండీలను ఉంచరాదు. పగలు కాగిన కప్పు రాత్రి చాలసేపటి వరకు సెగలు గ్రక్కును.

కుండీ: పక్కలకు రంధ్రములు గల మట్టికుండీ శ్రేష్ఠము. కూజాలోని నీరు చల్లబడినట్లే, కుండీ గోడల నుండి తడి యావిరియగుటచే వేళ్లకు చలువ కలుగును. లోపల మట్టికి బదులు బొగ్గులు, పెంకు ముక్కలు, కొబ్బరి డొక్కల తునకలు వేయవలెను.

నీరు: వేళ్లు తెల్లబడిన తరువాత, తెల్లవారుజామున పోయవలెను. ఆకుల నడుమ మొవ్వులో నీరు నిలిచినచో గుడ్డతో అద్దివేయవలెను. సముద్రతీరపు బావులలో పెక్కింటి నీరు ఉప్పన. ఆ యుప్పు వేళ్లకు చేరి ఆకుల కొనలు మాడును. వాననీటిని పట్టి దాచుకొనుట ఉత్తమము. మండుటెండల దినములలో ఎరువును మిక్కిలి తగ్గించవలెను.

చలువ: నేలపై నీరు చల్లినచో అన్నివేళల చల్లబడునా? ఒక పరీక్ష చేయుడు. రెండు ఉష్ణమాపకములు తీసికొని, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, రెంటిని గాలి తగులు నీడలో వ్రేలాడదీయుడు. పడమటి వడగాలి వీచునపుడు రెంటికి నడుమ తేడా ఎక్కువగ నుండును. అది 6 డిగ్రీలు మించినపుడు నేల తడిపిన చక్కని చలువ కలుగును. తేమతో కూడిన సముద్రపుగాలి వీచునపుడు తేడా స్వల్పము. అది 2 డిగ్రీలకు లోబడినపుడు ఎంత చల్లినను ఉపయోగము లేదు. తడి పెరిగి కుళ్లు మాత్రమే వచ్చును. ఆ దినములలో నీరు మాని గాలి యాడునట్లు చూడవలెను. కుండీలను ఎడముగా వ్రేలాడదీయవలెను.

5. చలికాలపు పూత

ఫలనాప్సిస్ ఉష్ణ జాతియే యైనను, కొన్ని వారములపాటు వేడిమి 25 డిగ్రీలకు లోబడిననే పూకాడ వేయును. మనకు డిసెంబరు, జనవరి నెలలే దానికి అదను. అపుడు దానిని మూసిన గదిలో దాచక, రాత్రి చల్లగాలి తగులునట్లు వసారాలో ఉంచవలెను.

6. మనకు తగిన జాతులు

శీతల జాతి సింబిడియము మన తీరమున కొంతకాలము బ్రదికినను పూయుట అరుదు. కాని అదే కుటుంబములో మన తూర్పు కనుమల యందు పెరుగు సింబిడియమొకటి కలదు. కలబందవంటి దళసరి యాకులు గలదగుటచే శాస్త్రజ్ఞులు దానికి అలోయిఫోలియము అని పేరిడిరి. అది వేసవిలోనే పూయును!

వాండా టెస్సెల్లేటా యనునదియు మన మైదానపు చెట్లపై పెరుగునదే. మనకు చేరువనున్న సామర్లకోటలో పెక్కేండ్లు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున దీనిని వర్ణించెను. ‘వాండా’ యను శాస్త్రనామము మన సంస్కృతపు ‘వందా’ శబ్దము నుండి పుట్టినది.

అట్లని అడవికిపోయి వానిని పెరికి తేరాదు. ఆర్కిడ్డు విత్తు ధూళివలె సన్నము. దానిలో ఆహారపు నిలువ లేదు. తగిన శిలీంధ్రము తోడైననే అడవిలో మొలకెత్తును. పూతకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నీలి వాండా మొదలగు కొన్నింటికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ కూడ కలదు. తోటలలో పెంచిన మొక్కలనే కొనవలెను. కొనుటకు ముందు “ఇది యే యెత్తున పుట్టినది? దీనికి రాత్రి ఎంత చలువ కావలెను?” అని అడుగుడు. ఆ తరువాతనే ధర అడుగుడు.

ప్రశ్నలు

1. ఆర్కిడ్డునకు, బదనికకు గల భేదమేమి?
2. వేసవిలో ఎక్కువ నీరు పోయుట వలన కలుగు హాని యెట్టిది?
3. వారము దినములు తెల్లవారుజామున మీ వసారాలోని వేడిమిని కొలిచి వ్రాయుడు. అచ్చట ఏ తరగతి ఆర్కిడ్డు బ్రదుకునో నిర్ణయింపుడు.