పిడుదులు ఎప్పుడు నిద్రపోతాయి? ఎప్పుడు లేస్తాయి?



ఒక సంవత్సరం వరికోతల రోజుల్లో అడవి పక్క ఊరినుండి ఒక ఆయన్ను జ్వరంతో తీసుకొచ్చారు. అప్పటికి ఎనిమిది రోజులుగా జ్వరం. మలేరియా పరీక్షలో ఏమీ రాలేదు. ఆయాసం మొదలైంది. "ఒంటిమీద ఎక్కడైనా నల్లటి పక్కు కట్టిన మచ్చ ఉందా అమ్మా?" అని భార్యను అడిగాను. "మొలతాడు దగ్గర ఉంది సిస్టరమ్మా, బీడీ నిప్పు పడిందేమో అనుకున్నా" అంది. మూడు రోజుల క్రితమే చూసిందట, ఎవరికీ చెప్పలేదు. అది స్క్రబ్ టైఫస్. మందు మొదలుపెట్టాక ఆయన కోలుకున్నాడు. అయితే కొన్ని రోజులు ఆక్సిజన్ మీద ఉండవలసి వచ్చింది. ఆ మూడు రోజులే ఈ పాఠం రాయడానికి కారణం.

ఆయన్ను కుట్టింది కంటికి కనబడనంత చిన్న పురుగు. పిడుదు (కొన్ని ఊళ్ళలో గోమారి అంటారు) దానికి దగ్గర చుట్టమే. వీటికి కాలం తెలుసు. ఎలాగో చూద్దాం.

కునుకు వేరు, గాఢనిద్ర వేరు

పిడుదు గుడ్డు, లార్వా, నింఫ్, పెద్ద పిడుదు అనే నాలుగు దశల్లో పెరుగుతుంది. గుడ్డు తప్ప మిగతా ప్రతి దశలోనూ రక్తం తాగాలి. తాగకపోయినా నెలల తరబడి బ్రతకగలదు.

చలి ఎక్కువైతే పిడుదు కదలదు, వేడి తగలగానే లేస్తుంది. ఇది కునుకు. యూరప్ దేశాల్లోని ఒక రకం పిడుదు సుమారు 7 డిగ్రీల కంటే చల్లబడితే సాధారణంగా బయటకు రాదు.

గాఢనిద్ర అలా కాదు. పగలు పొద్దు తగ్గుతూ వస్తే, ముందు చలికాలం ఉందని పిడుదు శరీరం గ్రహిస్తుంది. అప్పుడు ఆకలిగా ఉన్నదైతే జంతువుల కోసం వెదకడం మానేస్తుంది. రక్తం తాగినదైతే తరువాతి దశకు మారడం ఆపేస్తుంది. మధ్యలో నాలుగు రోజులు ఎండ కాసినా ఈ నిద్ర తెమలదు. వాతావరణం మోసం చేస్తుంది గాని, పొద్దు లెక్క తప్పదు కదా!

మన ప్రాంతంలో ఎలా?

చర్లలో ఎండాకాలపు పొడవైన పగటికి, డిసెంబరులోని చిన్న పగటికి తేడా సుమారు రెండు గంటలే. గడ్డకట్టే చలి లేదు. అందుకే పశువుల పిడుదులు ఏడాది పొడవునా కనబడతాయి. ఇక్కడ తేమకు కూడా ప్రాముఖ్యం ఎక్కువ. కడుపు నిండిన ఒక ఆడ పిడుదు నేలమీద పడి రెండు వేలకు పైగా గుడ్లు పెట్టగలదు. తేమ ఉంటే అవి బాగా పొదుగుతాయి.

కర్ణాటకలోని షిమోగా జిల్లా, క్యాసనూర్ అడవిలో 1957లో కోతులు చనిపోయాయి, మనుషులకూ జ్వరం వచ్చింది. ఆ వైరస్‌ను మోసేది అడవి పిడుదు. వర్షాలు మొదలవగానే పెద్ద పిడుదులు, వర్షాలు తగ్గాక లార్వాలు, డిసెంబరు నుండి మే వరకు నింఫ్‌లు తిరుగుతాయి. మనుషులకు జబ్బు వచ్చేది కూడా ముఖ్యంగా ఆ నింఫ్‌ల నెలల్లోనే. అది పడమటి కనుమల వైపు జబ్బు, భయపడకండి. కాని పాఠం మనకూ వర్తిస్తుంది. మనం ఇప్పపువ్వుకు, తునికాకుకు అడవికి వెళ్ళేది కూడా ఎండాకాలంలోనే. స్క్రబ్ టైఫస్ మాత్రం వానల నుండి చలికాలం వరకు ఎక్కువ.

మీరు చేయవలసినవి

1. అడవినుండి, చేనినుండి రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనుక, పిల్లల తలవెంట్రుకల్లో వెదకండి.

2. పిడుదు పట్టుకొని ఉంటే చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, మెల్లగా తిన్నగా లాగండి. బీడీ నిప్పు, కిరోసిన్, సున్నం పెట్టకండి. వేళ్ళతో నలపకండి. సబ్బుతో కడగండి.

3. ఆ తేదీ గుర్తుంచుకోండి. మూడు వారాల లోపల జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

4. జ్వరం రాగానే మలేరియా పరీక్ష చేయించండి. అందులో ఏమీ రాలేదని ఇంటికి వెళ్ళిపోకండి. నల్లటి పక్కు కోసం ఒళ్ళంతా చూడండి. అది నొప్పి పెట్టదు, కాబట్టి రోగికే తెలియకపోవచ్చు. పక్కు లేకపోయినా జ్వరం తగ్గకపోతే మళ్ళీ రండి.

స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ వంటి మందులు త్వరగా పనిచేస్తాయి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. మందు డాక్టరుగారు రాసినట్లే, రాసినన్ని రోజులు వాడండి.

రోగి పక్కన రాత్రింబవళ్ళు ఉండేది మీరే. మేము చూడనిది మీ కంటపడుతుంది. చిన్న మచ్చే కదా అని దాచకండి, వెంటనే మాకు చెప్పండి.