లీటరు పెట్రోలుతో ఎంత దూరము?

1983 డిసెంబరులో మారుతి 800 అను చిన్న కారు మన దేశమున వెలువడెను. అంతకు ముందు మన బాటలపై విరివిగా తిరిగిన అంబాసడరు కారు వేయి కిలోగ్రాములకు మించిన బరువు గలది. క్రొత్త కారు బరువు దానిలో ఇంచుమించు సగమే. దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లది. తేలికయైన బండిని కదలించుటకు తక్కువ పెట్రోలు చాలును గదా! నాటినుండి కారు కొనదలచిన గృహస్థు మొదట అడుగు ప్రశ్న, “లీటరుకెంత నడచును?” అన్నదే. దీనికి సమాధానము కొంత కర్మాగారములో నిర్ణయమగును. కొంత నడుపువాని పాదమును బట్టియుండును.

కర్నూలు జిల్లా కోడుమూరులో బాడుగకారు నడిపి కుటుంబమును పోషించుకొను ఒక యువకుని ఊహింపుడు. కర్నూలు అచ్చటికి సుమారు 40 కిలోమీటర్లు. ఉదయము పెద్దాసుపత్రికి పోవు రోగులనో, కచేరీలో పనియున్న రైతులనో ఎక్కించుకొనిపోయి, సాయంకాలమునకు తిరిగివచ్చును. రానుపోను 80 కిలోమీటర్లు. బండి లీటరుకు 16 కిలోమీటర్లు నడచినచో 5 లీటర్లు కావలెను. 20 నడచినచో 4 లీటర్లు చాలును. ఆంధ్రప్రదేశములో లీటరు ధర 2021లోనే నూరు రూపాయలు దాటినది. నెలకు 25 దినములు బాడుగ దొరకినచో, దినమున కొక లీటరు వంతున మిగులు సొమ్ము రెండువేల అయిదువందల రూపాయలకు తక్కువ గాదు. అది వాని బిడ్డల చదువునకు అక్కరకు వచ్చు సొమ్ము.

పెట్రోలులోని శక్తిలో అధికభాగము వేడిమిగా మారి, పొగగొట్టము ద్వారమునను రేడియేటరు ద్వారమునను వెలికి పోవును. దానిని నడుపువాడు ఆపజాలడు. చక్రములకు చేరిన కొద్దిపాటి శక్తిని మాత్రము వాడు కాపాడుకొనవచ్చును.

ఆ శక్తిని హరించు వానిలో మొదటిది గాలి. గాలి యడ్డగింపు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. 50 కిలోమీటర్ల వేగమున నున్న యడ్డగింపు 80 వద్ద రెండున్నర రెట్లగును. బండిపై కేరియరు బిగించి మూటలు కట్టినచో అది మరింత హెచ్చును. ఇంధన పొదుపును బోధించుటకు 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చి అసోసియేషను, గంటకు 45 మొదలు 55 కిలోమీటర్ల వేగము మేలని చెప్పుచున్నది.

రెండవది బ్రేకు. ఇది చాలమందికి తోచదు. బండికి వేగము నిచ్చినది పెట్రోలే. బ్రేకు త్రొక్కగానే ఆ వేగము బ్రేకులలో వేడియై నశించును. వేగము రెట్టింపైన, ఇట్లు నశించు శక్తి నాలుగింతలగును. దూరమున గొఱ్ఱెలమంద బాట దాటుచున్నదనుకొనుడు. తొందరపాటు గలవాడు మందను సమీపించువరకు యాక్సిలరేటరు త్రొక్కి, తటాలున బ్రేకు వేయును. నేర్పరి మందను చూచినప్పుడే పాదము తీయును. ఆగుట యిద్దరికిని తప్పదు. పెట్రోలు మాత్రము ఒక్కనికే మిగులును.

పల్లములో గేరు తీసివేసి న్యూట్రలులో పోనిచ్చిన పొదుపగునని కొందరి నమ్మకము. కార్బురేటరు బండ్లనాటి యీ యలవాటు నేటికిని పోలేదు. నేటి బండ్లలో గేరుండగా పాదము తీసినచో, చక్రములే ఇంజనును త్రిప్పును; పెట్రోలు సరఫరా నిలిచిపోవును. న్యూట్రలులోనైతే ఇంజను తిరుగుటకు పెట్రోలు పోయుచునే యుండవలెను. పైగా ఇంజను పట్టు తప్పి బండి అదుపు తగ్గును. ఇది ప్రాణాపాయకరము కూడ.

టైరులలో గాలి తగ్గినచో అవి నేలపై ఎక్కువగా నణగి, బండి బరువుగా సాగును. గాలిని ఉదయము బండి కదలకమునుపే చూడవలెను. ఎండలో నడచివచ్చిన టైరు వేడెక్కి, లోని గాలి వ్యాకోచింపజూచుటచే ఒత్తిడి హెచ్చుగా కనబడును. కర్నూలు వేసవిలో ఈ పొరపాటు సులభముగా జరుగును.

ఇన్నింటి ఫలితమును తెలిసికొనుటకు కాగితమును పెన్సిలును చాలును. బంకులో టాంకు నింపించి, మీటరుపై కిలోమీటర్లు వ్రాసికొనవలెను. కొన్ని దినముల తరువాత అదే బంకులో మరల నింపించి, నడచిన దూరమును రెండవసారి పట్టిన లీటర్లచే భాగింపవలెను. ఒక్కసారి లెక్క చాలదు. బరువు, బాట, ఎదురుగాలి దినమున కొక విధముగా నుండును. నాలుగైదు మారులు వేసి చూచిన పిమ్మటనే బండి నిజముగా ఎంత నడచుచున్నదో తేలును.