తూటా బలమా, తుపాకి వేగమా? - ఒక చిన్న లెక్క

మా గౌడవెల్లి స్టేషనులో పొద్దున్నే బండి కోసం నిలబడిన కాలేజీ కుర్రాళ్ళను ఎవర్నయినా చూడండి, తలెత్తినవాడు కనబడడు. అందరి తలలూ ఫోన్లలోనే. 2020 సెప్టెంబరులో పబ్జీ మీద నిషేధం వచ్చింది; 2021లో అదే ఆట బి.జి.ఎమ్.ఐ. అనే పేరుతో తిరిగి వచ్చింది. పేరు మారింది గాని ప్లాట్‌ఫారం మీది వాదన మాత్రం మారలేదు. ఒక్క దెబ్బతో పడగొట్టే తుపాకి మేలా, గబగబా పేలే తుపాకి మేలా? మేడ్చల్ నుంచి సికింద్రాబాదు చేరేలోగా ఈ వాదన తెగిన రోజు నేనెరుగను.

నిజానికి ఈ ప్రశ్న ఫోన్ల కంటే చాలా పాతది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి తాత వడిసెల తిప్పుతూంటే నేనడిగాను: "తాతా, జర పెద్ద రాయి పెట్టి కొట్టరాదే?" "పెద్ద రాయి పెట్టి తిప్పేలోపల పిట్ట కంకి తిని పోతదిరా" అన్నాడు తాత. పిట్టల సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు. కాని పిట్టకు కవచం ఉండదు, అది తిరిగి రాయి విసరదు. ఆ రెండూ వచ్చి చేరితే లెక్క మారుతుంది.

నేను ఈ లెక్కకు పూనుకోవడానికి కారణం మా తమ్ముడు. వాళ్ళ కాలేజీ జట్టు తరఫున కౌంటర్-స్ట్రయిక్ 2 ఆడేవాడు. (2023లో వచ్చిన ఆట ఇది, దీని పూర్వరూపాలు ఆడని ఇంజనీరింగు హాస్టలు మన రాష్ట్రంలో ఉండివుండదు.) అంతర్ కళాశాల పోటీలో ఆఖరి రౌండుకు ఇటు వీడొక్కడు, అటు ఒక్కడు మిగిలారు. వీడి చేతిలో ఎమ్4ఎ4. అవతలివాడు కవచం కొనలేదు, ఎవరిదో పడిపోయిన ఎ.కె.-47 ఏరుకుని వచ్చాడు. దగ్గరనుంచి వీడు కొట్టిన మూడు గుళ్ళు ఛాతీకి తగిలాయి, నాలుగోది తప్పింది. అవతలివాడు పడలేదు, వీడు పడ్డాడు. "దగ్గర నిలబెట్టినా చంపలేనోడు" అన్న పేరు వచ్చింది, తర్వాతి పోటీకి జట్టులో చోటు పోయింది. ఇంటికొచ్చి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆ ఆటలో ప్రతివాడి ప్రాణమూ 100. కవచం లేని ఛాతీకి దగ్గరనుంచి ఎ.కె. గుండు తగిలితే 36 పోతుంది, ఎమ్4 గుండు తగిలితే 33. ఎ.కె. నిమిషానికి 600 గుళ్ళు, అనగా సెకనుకు 10 పేలుస్తుంది. ఎమ్4 నిమిషానికి 666, సెకనుకు సుమారు 11. మన కుర్రాళ్ళలో లెక్క వచ్చినవాళ్ళు ఇక్కడ ఒక గుణకారం చేసి ఊరుకుంటారు: ఎ.కె. సెకనుకు 360, ఎమ్4 సెకనుకు 366. కనుక ఎమ్4దే పైచేయి అంటారు.

తప్పంతా ఇక్కడే ఉంది. మనిషి ప్రాణం తూములోంచి నీళ్ళు పోయినట్లు పోదు, మెట్టు మెట్టుగా పోతుంది. ఎ.కె. మూడు గుళ్ళు 108, పని అయిపోయింది. ఎమ్4 మూడు గుళ్ళు ఎంత? 99! ఒకే ఒక్క పాయింటు మిగిలింది. ఆ ఒక్కదాని కోసం ఇంకో గుండు కావాలి. మా తమ్ముడి శత్రువు ఆ ఒక్క పాయింటుతోనే నిలబడ్డాడు. వీడి చేతిలో ఎ.కె. ఉండి, అవే మూడు గుళ్ళు అక్కడే తగిలివుంటే కథ వేరు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నాలుగు గుంజలు పాతితే మధ్యన ఖాళీలు మూడే కదా. అలాగే మొదటి గుండుకు కాలం పట్టదు. గుళ్ళ మధ్య విరామాలనే లెక్కించాలి. ఎ.కె.కు రెండు విరామాలు, 0.20 సెకను. ఎమ్4కు మూడు విరామాలు, ఒక్కొక్కటి 0.09 చొప్పున 0.27. సెకనుకు ఎక్కువ నష్టం చేసే తుపాకి, మనిషిని పడగొట్టడానికి ఎక్కువ కాలం తీసుకుంటోందన్నమాట! కవచం తొడిగితే ఎ.కె. గుండు 27కు, ఎమ్4 గుండు 23కు తగ్గుతాయి. అప్పుడు నాలుగు గుళ్ళు, అయిదు గుళ్ళు, 0.30, 0.36. అప్పుడూ ఎ.కె.యే ముందు. హెల్మెట్టు ఉన్న తలకు ఎ.కె. గుండు దగ్గరనుంచి ఒక్కటి చాలు (111), ఎమ్4కు రెండు కావాలి (92).

అయితే ఎమ్4 కొనేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా? కాదు. ఎ.కె. వెనక్కి ఎక్కువగా తంతుంది, గురి చెదురుతుంది. గుళ్ళన్నీ తగులుతాయనుకుని చేసిన లెక్క కాగితం మీదనే నిలుస్తుంది. తగిలే అవకాశం సగమే అనుకుందాం. కవచం ఉన్నవాడికి నాలుగు తగలాలంటే సగటున ఎనిమిది పేల్చాలి. ఏడు విరామాలు, 0.70 సెకను. అదే కాలంలో పని ముగించాలంటే ఎమ్4 పట్టినవాడి గుళ్ళు నూటికి 57 తగలాలి. ఆ ఏడు శాతం తేడాను తన చెయ్యి తెస్తుందా లేదా అన్నది ఎవరికి వారు చూసుకోవలసిన విషయం.

ఇక ఎ.డబ్ల్యు.పి. అనే పెద్ద రైఫిలు సంగతి. గుండుకు 115, కాని నిమిషానికి 41 గుళ్ళే. సెకను లెక్కన చూస్తే 79 కూడా దాటదు. అంటే ఎ.కె.లో నాలుగో వంతు కంటే తక్కువ! అయినా దీని ధర 4750, ఎ.కె. ధర 2700. కాళ్ళకు తప్ప ఎక్కడ తగిలినా కవచంతో సహా ఒక్క గుండుతో సరి, కాలం సున్న. తప్పిందా, మరో గుండుకు 1.46 సెకన్లు ఆగాలి. ఈలోగా అవతలి ఎ.కె. పధ్నాలుగు గుళ్ళు పేల్చేస్తుంది. సగం గురి గల ఎ.కె.తో సమానం కావాలన్నా దీనికి నూటికి 68 గురి ఉండాలి. ఆట తయారుచేసేవాళ్ళకూ ఇది తలనొప్పి తుపాకే అయివుంటుంది. 2022లో దాని మ్యాగజీనును 10 గుళ్ళనుంచి 5కు కుదించారు.

మరి అంత ధర పెట్టి ఎందుకు కొంటారు? దీనికి జవాబు 1916లో లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పుస్తకంలో దొరుకుతుంది. ఇరుపక్షాలూ ఒకరినొకరు ఎదురుగా కాల్చుకునేటప్పుడు బలం సంఖ్యను బట్టి కాదు, సంఖ్య వర్గాన్ని బట్టి ఉంటుందని ఆయన చూపాడు. అయిదుగురు అయిదుగురితో తలపడితే సమానం. మొదటి గుండుతోనే అవతల ఒకడు పడితే 25కు 16. వర్గాల తేడా 9, దాని మూలం 3. అంటే అవతలివాళ్ళు నలుగురూ పోయేసరికి ఇవతల ముగ్గురు మిగిలి ఉండాలి. 4750లో సగం ఆ మొదటి గుండు ఖరీదని నా అభిప్రాయం.

నిజమైన యుద్ధాల్లోనూ ఈ పేచీ నడిచింది. 1866లో కోనిగ్రాట్జ్ దగ్గర ఆస్ట్రియా రైఫిలు ఎక్కువ దూరం, ఎక్కువ గురిగా కొట్టేది. ప్రష్యావాళ్ళ రైఫిలు అంత దూరం కొట్టలేదు. కాని వెనకనుంచి గుండు కూరే ఏర్పాటు వల్ల పడుకునే గబగబా నింపి పేల్చవచ్చు. ఆస్ట్రియా సిపాయి నిలబడి గొట్టం మూతినుంచి కూరుకునేలోగా వాళ్ళు నాలుగైదు పేల్చారు, గెలిచారు. వేగానిదే విజయం అనేద్దామా అంటే, గోలకొండ కథ అడ్డం వస్తుంది. 1687లో ఔరంగజేబు పెద్ద ఫిరంగులతో ఎనిమిది నెలలు ముట్టడించాడు. చివరికి కోట పడింది బలంతోనూ కాదు, వేగంతోనూ కాదు. లోపలివాడు తలుపు తీసినందువల్ల. మన లెక్కలో ఆ అంకెకు చోటు లేదు.

ఈ కాగితం తమ్ముడి చేతికిచ్చాను. 99 దగ్గర చాలాసేపు ఆగాడు. "గట్లయితే తప్పు నాది కాదా అన్నా?" అన్నాడు. "నాలుగోది తప్పింది కదరా, కొంత నీదే" అన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాలేదు. వాడేమీ అనుకోలేదు. ఆ రోజునుంచి రోజూ వంద గుళ్ళు పేల్చి ఎన్ని తగిలాయో నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకుంటున్నాడు. ఎమ్4 మాత్రం మార్చనంటాడు. నిన్న సాయంత్రం నేను చూసిన అంకె 54.