ఆ మాట అనాల్సింది యోసేపు

తెనాలి

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. ఫోనులో ఎత్తలేని సంగతులన్నీ కాగితం మీద పెట్టావు, మంచి పని చేశావు.

బాపట్ల స్థలం తమ్ముడి పేర రాస్తానని మీ నాన్న అన్న సంగతి నాకు ముందే తెలుసు. వాడి చదువుకి అప్పు చేసినప్పుడూ, నీ బీఎడ్ ఫీజుకి "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నప్పుడూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అమ్మ మంచాన పడితే రేపల్లె నుంచి వారం వారం వెళ్లి ఒళ్లు తుడిచింది నువ్వు. నీకు అన్యాయం జరిగిందా లేదా అని మనిద్దరం తర్కించుకోనక్కర్లేదు. జరిగింది. మీ నాన్న నాకు తోడబుట్టినవాడైనా ఈ మాటే అంటాను.

నువ్వు అడిగింది వేరు. "అంతా దేవుని చిత్తం అంటున్నాడు నాన్న. ఇదే దేవుని చిత్తమైతే ఆ దేవుడితో నాకేం పని అత్తయ్యా?" అన్నావు. చర్చికి వెళ్లడం మానేశానని కూడా రాశావు. అందుకు నిన్ను కోప్పడను. మీ నాన్న ఆ మాట ఏ కథలోంచి తెచ్చుకున్నాడో ఆ కథ మాత్రం ఒకసారి మొదటి నుంచి చదువు.

ఆదికాండంలో ఏ ఇంట్లోకి తొంగి చూసినా ఇదే గొడవ. తండ్రి ఇస్సాకుకి పెద్దకొడుకు ఏశావంటే ప్రాణం, అదీ వాడు తెచ్చే వేటమాంసం కోసం. తల్లి రిబ్కాకి చిన్నవాడు యాకోబు ముద్దు. దీవెన తమ్ముడు కాజేశాక ఏశావు తండ్రి ముందు కూలబడి, నీ దగ్గర ఉన్నది ఆ ఒక్క దీవెనేనా అని బావురుమంటాడు. ఇదంతా చూసిన యాకోబు తన ఇంట్లో మళ్లీ అదే పని చేశాడు. అన్నలందరూ చూస్తుండగా యోసేపుకొక్కడికే నిలువుటంగీ కుట్టించాడు. పదిహేడేళ్ల కుర్రాడు, అది తొడుక్కుని తిరుగుతూ తన కలలన్నీ అన్నలకే చెప్పాడు. వాళ్లు గోతిలో తోసి, ఇరవై తులాల వెండికి అమ్మేశారు.

ఆ అంగీ కుట్టించమని దేవుడు యాకోబుకి చెప్పినట్టు ఎక్కడా లేదు. పక్షపాతం అచ్చంగా తండ్రిదే. దేవుడు చేసిందల్లా, ఆ పాడుపనిలోంచి ఒక మేలు బయటికి లాగడం.

పైగా, దేవుడు మేలుకే మళ్లించాడన్న మాట ఎవరి నోట వచ్చింది? గోతిలో పడి, జైలు కూడు తిన్న యోసేపు నోట. యాకోబు పోయాక అన్నలు భయపడి కాళ్ల మీద పడితే, మీరు నాకు కీడు తలపెట్టారని ముందు చెప్పాడు, ఆ తర్వాతే దేవుడు దాన్ని మేలుకి మళ్లించాడన్నాడు. కీడుని కీడు అనకుండా దాటవేయలేదు. అన్నలు ఒక్కసారైనా "ఏదో దేవుడి చిత్తం, అలా అయింది" అన్నారా? అని ఉంటే ఆ కథ చదవడానికి మనసొప్పేది కాదు. దెబ్బ తిన్నవాడు ఎన్నో ఏళ్ల తర్వాత వెనక్కి చూసుకుని అనుకోవాల్సిన మాట అది. దెబ్బ కొట్టినవాడు అంటే సాకు. మన ఆదరణ కూడికల్లో మైకు పట్టుకుని బిడ్డ పోయిన తల్లికి ఈ మాట చెప్పేవాళ్లను చూసినా నాకు ఒళ్లు మండుతుంది.

ఇక యూదా సంగతి. తమ్ముణ్ణి అమ్మేద్దామన్నది వాడే. చివర్లో ఐగుప్తులో బెన్యామీను సంచిలో గిన్నె దొరికినప్పుడు, వీడికి బదులు నన్ను బానిసగా ఉంచుకో అని ముందుకొచ్చిందీ వాడే. అప్పుడు వాడు తండ్రి అన్న ఒక మాట తిరిగి చెబుతాడు: నా భార్య నాకు ఇద్దరు కొడుకుల్ని కన్నది అని. చూడమ్మా, ఆ ఇద్దరూ యోసేపు, బెన్యామీను. యూదా ఏమో యాకోబుకి ఇష్టంలేని భార్య లేయా కొడుకు. ఆ ఇద్దరి లెక్కలో వాడు లేడు. తండ్రి దృష్టిలో తన తల్లి భార్యే కాదన్న మాటని తన నోటితోనే చెబుతూ, అదే తండ్రి గుండె ఆగకూడదని తను బానిసత్వానికి సిద్ధపడ్డాడు. తండ్రి మారలేదు, వాడు మారాడు. నువ్వూ అలాగే చెయ్యాలని అనను. అది అడిగి చేయించే పని కాదు.

యోసేపు కొడుకు ఎఫ్రాయిము పేరు పట్టుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం పేరు వినే ఉంటావు. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము బెనే ఎఫ్రాయిం అని, తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. ఒకప్పుడు మనలాగే క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్నదమ్ములు ముందుండి నడిపించగా 1991లో అక్కడ సినగాగ్ వెలిసింది. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మీద పుస్తకమే రాశారు. ఆ వంశం సంగతి తేల్చడానికి నేనెవర్ని? ఊరి చివర ఉండమన్న జనం తమదని చెప్పుకున్న పేరు మాత్రం నన్ను ఆలోచింపజేసింది. ముసలి యాకోబు చూపు ఆనని కళ్లతో, చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్న మనవడు ఎఫ్రాయిము తల మీద పెట్టాడు. యోసేపుకి అది నచ్చక తండ్రి చెయ్యి పట్టుకుని పెద్దవాడైన మనష్షే తల మీదికి జరపబోయాడు. నాకు తెలుసులే అన్నాడు ముసలాయన. కింద ఉన్నవాడికి ఆ కుడిచెయ్యి ఎంత ఊరటో కొత్తరెడ్డిపాలెం వాళ్లకు తెలుసు.

కానీ నువ్వున్నది పక్కన నిలబడ్డ మనష్షే చోట. ఆ మనష్షే వంశంలోనే సెలోపెహాదు కూతుళ్లు పుట్టారు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేని తండ్రి పోతే, మోషే ఎదుట, జనమంతటి ముందు నిలబడి మా వాటా మాకివ్వమన్నారు. వాళ్లు అడిగింది న్యాయమేనన్నాడు దేవుడు. సంఖ్యాకాండం 27లో ఉంది. ద్వితీయోపదేశకాండం 21 కూడా చూడు. ఇష్టమైన భార్య కొడుకు కోసం, ఇష్టంలేని భార్యకు పుట్టిన పెద్దకొడుకు హక్కు తీసెయ్యకూడదని చట్టమే పెట్టారు. యాకోబు ఇల్లు గుర్తొచ్చే రాసినట్టుంటుంది. దేవుని చిత్తం అనే నాన్నకి ఈ రెండు చోట్లా వేలు పెట్టి చూపించు.

మన చట్టం సంగతీ తెలుసుకో. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే కొడుక్కీ కూతురికీ సమానం. ఆయన బతికుండగా తన సొంతం ఎవరికి రాసినా ఆపలేం. అందుకే ఇప్పుడే మాట్లాడాలి, రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు. తమ్ముడితో మాత్రం పోట్లాట పెట్టుకోకు. అంగీ వాడు కుట్టించుకోలేదు.

ఇక నీ ప్రార్థన. లేయాకి మొదటి ముగ్గురు బిడ్డలు పుట్టినప్పుడల్లా పెనిమిటి ప్రేమ గురించిన దిగులే. నాలుగో బిడ్డ యూదా పుట్టినప్పుడు పెనిమిటి ఊసే ఎత్తలేదు, దేవుణ్ణి స్తుతించి ఊరుకుంది. యాకోబు ప్రేమ దొరికాక కుదిరిన భక్తి కాదది. దావీదు పుట్టింది ఆ యూదా వంశంలోనే. నీ దేవుడికి మీ నాన్న ముఖం తగిలించి చూడకు. కోపంగా ఉంటే కోపంగానే ప్రార్థన చెయ్యి. కీర్తనల్లో అలాంటివి ఎన్నో ఉన్నాయి.

వచ్చే శనివారం రేపల్లెలో బండి ఎక్కి ఇక్కడికి రా. ఇద్దరం కలిసి బాపట్ల వెళ్దాం. మాట నువ్వు మొదలుపెట్టు, నేను పక్కన కూర్చుంటాను. బైబిలు తెచ్చుకో.

మీ అత్తయ్య