రికార్డు పాడైందా, లోడు తప్పిందా?

పాత తెలుగు రికార్డు పెడితే గొంతు పీలగా వస్తోందా? లేక 'స' పలికిన ప్రతిసారీ చెవిలో గుచ్చుకుంటోందా? రికార్డు అరిగిపోయిందని తేల్చేసే ముందు ఒక్కటి చూడండి: కాట్రిడ్జ్‌కి సరైన లోడు పడుతోందా? ఇది ఈసీఈ వాళ్ళ టాపిక్‌లా అనిపిస్తుంది కానీ, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే మన సీఎస్‌ఈ వాళ్ళకీ సరిపోతుంది.

లోడు అంటే ఏంటి?

సూది కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా కాట్రిడ్జ్. ఆ సిగ్నల్ వెళ్ళే యాంప్లిఫైయర్ ఇన్‌పుట్‌కి కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, మధ్యలో కేబుల్‌కి కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిపితే లోడు. కాట్రిడ్జ్, లోడు కలిసి ఒక ఫిల్టర్ అవుతాయి. ఏ స్వరం దాటాలి, ఏది తగ్గాలి అన్నది అక్కడే తేలిపోతుంది. ఫంక్షన్ కరెక్టే, పంపిన ప్యారామీటర్ తప్పు అన్నట్టు.

పాత పెట్టె ప్లేయర్ల సంగతి

1960లు, 70లలో మన ఇళ్ళకి వచ్చిన పెట్టె ప్లేయర్లలో చాలావాటికి సిరామిక్ కాట్రిడ్జే ఉండేది. హయత్‌నగర్‌లో మా తాత దగ్గర అలాంటిదొకటి ఉంది. దాంతోపాటు ఓ ఇరవై రికార్డులు, అందులో ఘంటసాల గారి భగవద్గీత ఎల్‌పీ కూడా. ప్లేయర్ లోపలి యాంప్లిఫైయర్ పోయాక మా బాబాయ్ కాట్రిడ్జ్ వైర్లని నేరుగా హోమ్ థియేటర్ ఆక్స్‌కి కలిపాడు. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇవి అరిగిపోయినయ్ బిడ్డా, పాత సామాన్లోనికి ఇచ్చేద్దాం" అన్నాడు తాత.

ఇక్కడ లెక్క చూడండి. సిరామిక్ కాట్రిడ్జ్ సర్క్యూట్‌లో ఒక చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. 800 పికోఫ్యారడ్లు అనుకుందాం. ఆక్స్ ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లు అనుకుంటే, ఆర్‌సీ సూత్రం ప్రకారం కటాఫ్ దాదాపు 4,200 హెర్ట్జ్. అంతకన్నా కిందకి పోయేకొద్దీ శబ్దం తగ్గుతూ పోతుంది. మగ గొంతు మూల స్వరం మామూలుగా 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఇంక ఘంటసాల గొంతులోని గాంభీర్యం ఏం మిగులుతుంది? అదే లోడు 1 మెగా ఓమ్ అయితే కటాఫ్ 200 హెర్ట్జ్‌కి, 2 మెగా ఓమ్‌లైతే 100కి దిగుతుంది.

దీనికి మందు ఖరీదైంది కాదు. టీఎల్‌072 చిప్‌తో బఫర్ కట్టి, ఇన్‌పుట్‌లో 2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెడితే చాలు. ఒక్క చిప్‌లోనే రెండు ఆంప్‌లు ఉంటాయి కాబట్టి లెఫ్ట్, రైట్ రెండూ అయిపోతాయి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి గుజరాతీ గల్లీకి నడిచి వెళ్ళొచ్చు. సోల్డరింగ్ రాదంటే, మ్యూజిక్ క్లబ్ వాళ్ళ ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ ఇన్‌పుట్ వాడండి, అది మామూలుగా 1 మెగా ఓమ్ దగ్గర ఉంటుంది. బఫర్ పెట్టాక తాత రికార్డుల్లో గొంతు నిండుగా వచ్చింది. గీతల చిటపటలు మాత్రం పోలేదు, అవి నిజంగా రికార్డు మీద ఉన్నవే.

కొత్త ప్లేయర్లు, శషసల తగువు

ఇప్పుడు కొనే ప్లేయర్లలో చాలావాటికి మూవింగ్ మాగ్నెట్ కాట్రిడ్జ్ ఉంటుంది. దీనికి 47 కిలో ఓమ్‌లు డిఫాల్ట్ వాల్యూ లాంటిది. ఫోనో ఇన్‌పుట్‌లన్నీ దాదాపు అంతే ఇస్తాయి. తేడా వచ్చేది కెపాసిటెన్స్ దగ్గర.

ఉదాహరణకి ఆడియో-టెక్నికా వీఎం95ఈ. దాని కాయిల్ ఇండక్టెన్స్ 550 మిల్లీహెన్రీలు. కంపెనీ చెప్పిన లోడు 47 కిలో ఓమ్‌లు, 100 నుంచి 200 పికోఫ్యారడ్లు. మొత్తం 150 ఉంటే రెజొనెన్స్ 17.5 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది. పొడుగు కేబుల్, దానికి తోడు ఫోనో ప్రీయాంప్ లోపలి కెపాసిటెన్స్ కలిసి 450 అయిందనుకోండి, అది 10 కిలోహెర్ట్జ్‌కి దిగిపోతుంది. కాయిల్ నష్టాలు వదిలేసి పైథాన్‌లో లెక్కేస్తే, 150తో పోలిస్తే 7 కిలోహెర్ట్జ్ దగ్గర రెండున్నర డెసిబెల్స్ ఎక్కువ వస్తోంది. 15 దగ్గరేమో బాగా పడిపోతోంది.

సాహిత్య క్లబ్‌కి ఇందులో పనేంటంటారా? మన శ, ష, స ల తేడా ఈ పై స్వరాల్లోనే ఉంది. మూడింటిలో 'స' శక్తి అన్నిటికన్నా పైన, సుమారు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. లోడు తప్పితే 'స' ఒక్కటే ముందుకు దూకుతుంది. పాడినవాళ్ళ ఉచ్చారణని మనం అనవసరంగా తప్పుపడతాం.

మూవింగ్ కాయిల్ రకానికి లెక్క వేరు. డెనాన్ డీఎల్-103 లాంటి వాటికి 100 ఓమ్‌లు, అంతకు పైన లోడు చాలు, కెపాసిటెన్స్ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఏం చేయాలి?

1. ముందు కాట్రిడ్జ్ ఏ రకమో తెలుసుకోండి. సిరామిక్ అయితే కనీసం 1 మెగా ఓమ్. దాన్ని ఫోనో ఇన్‌పుట్‌కి పెట్టకండి.

2. మూవింగ్ మాగ్నెట్ అయితే రెండు చివర్లా విప్పిన కేబుల్ కెపాసిటెన్స్‌ని మల్టీమీటర్‌తో కొలవండి. దానికి ప్రీయాంప్ స్పెసిఫికేషన్‌లో ఉన్న అంకె కలపండి. టోన్‌ఆర్మ్ లోపలి వైర్ది కూడా కొంత ఉంటుంది.

3. మొత్తం ఎక్కువైతే పొట్టి కేబుల్ వాడండి. తక్కువైతే చిన్న కెపాసిటర్ పక్కన జోడించొచ్చు. కలపడం తేలిక, తగ్గించడమే కష్టం. అందుకే మొదట్నుంచీ తక్కువ కెపాసిటెన్స్ కేబుల్ కొనడం మేలు.

4. గరగర రికార్డు మధ్యలోకి పోయేకొద్దీ పెరుగుతుంటే సూదినో, రికార్డునో అనుమానించండి. మొదటినుంచి చివరిదాకా టోన్ ఒకేలా తేడాగా ఉంటే లోడు చూడండి.

మీ ఇంట్లో అటక మీద రికార్డులు ఉంటే, పాత సామాన్ల బండి వచ్చేలోపు ఈ నాలుగూ చేసి చూడండి. గాడిలో ఉన్న పాట గాడిలోనే ఉండి ఉండొచ్చు, మన దాకా రావడానికే దారి సరిగా లేదేమో.