జైల్లో ఉన్నా బిడ్డ ఖైదీ కాదు

వీధిలో జంతువు కనిపిస్తే బెదిరిపోయే పిల్లలు. ఆడవాళ్ల మధ్యనే పెరగడంతో తన గురించి స్త్రీలింగంలో చెప్పుకునే మగపిల్లాడు. తల్లిని ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చినప్పుడల్లా ఆమె వెంటే మారిపోయి, ఎక్కడా కుదురుకోలేక కొందరు కొట్లాటలకు దిగితే, కొందరు నోరే విప్పరు. మహిళా ఖైదీల పిల్లల మీద జాతీయ నేరశాస్త్ర, ఫోరెన్సిక్ విజ్ఞాన సంస్థ జరిపిన అధ్యయనం తేల్చిన సంగతులివి. సుప్రీంకోర్టు వీటిని తీర్పులోనే ప్రస్తావించింది. ఆ కేసు పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.

1994లో విచారణ ఖైదీల దుస్థితిపై వేసిన పిటిషన్ అది. క్రమంగా తల్లులతో పాటు జైళ్లలో ఉంటున్న పిల్లల వైపు మళ్లింది. 2006 ఏప్రిల్ 13న వచ్చిన తీర్పు ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే కాదు, దేశంలోని జైళ్లన్నింటికీ వర్తిస్తుంది. తల్లితో జైల్లో ఉన్నంత మాత్రాన బిడ్డను ఖైదీలా చూడకూడదని కోర్టు స్పష్టంగా చెప్పింది. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆట ఆ బిడ్డ హక్కులు. జైలు శాఖ దయ కాదు. ఖైదీకి పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే ఉండాలి. ఆరేళ్లు వచ్చేవరకు బిడ్డ తల్లి దగ్గరే ఉండవచ్చు. ఆ తర్వాత తల్లి కోరిన వారికి అప్పగించాలి, లేదా సంక్షేమ శాఖ వసతి గృహంలో చేర్చాలి. ఆ గృహం వీలైనంతవరకు జైలు ఉన్న ఊళ్లోనే ఉండాలి. వారానికి ఒక్కసారైనా బిడ్డను తల్లికి చూపించాలి.

తల్లీబిడ్డలిద్దరూ జైల్లో ఉన్న కేసులను కోర్టులు ముందు వరుసలో పెట్టి త్వరగా తేల్చాలన్నది ఆ తీర్పులోని మరో ఆదేశం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 1,537 మంది తల్లులతో 1,764 మంది పిల్లలున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ తల్లుల్లో అత్యధికులు శిక్ష పడినవారు కారు, విచారణ ఖైదీలే. వారి తరఫు లాయరు ఈ ఆదేశాన్ని చూపి కేసు త్వరగా వినమని అడగడానికి ఏ అడ్డంకీ లేదు.

ఇదంతా జైలు గోడ లోపలి సంగతి. మరి తండ్రి జైలుకెళ్తే ఇంట్లో మిగిలిన పిల్లల మాటేమిటి?

ఉదాహరణకు, పుదుచ్చేరి పట్టణంలో సముద్రం ఒడ్డునే ఉంది వైతికుప్పం. ఇలాంటి మత్స్యకారుల కుప్పాల్లో ఇంటి గొడవ ముందుగా ఊరి పెద్దల దగ్గరికే వెళ్తుంది. రాజీ కుదిరితే సంతోషమే. కానీ తల్లిని తండ్రి కొడుతుంటే మూలన నక్కి చూసిన పిల్లాడిని ఆ పంచాయతీలో పలకరించేవారెవరు? తండ్రి కాలాపేట కేంద్ర కారాగారంలో ఉంటే బిడ్డ బస్సెక్కి చూసి రావచ్చు. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న యానాంలోని కుటుంబానికైతే అదే ములాఖత్ ఎనిమిది వందల కిలోమీటర్లు దాటిన ప్రయాణం.

ఇంట్లో హింస, ఇంట్లోవారి జైలు పిల్లల మనసుకు చేసే గాయం ఎంత లోతుకు దిగుతుందో 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తొమ్మిదివేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగి తేల్చారు. చిన్ననాటి చేదు అనుభవాల జాబితాలో తల్లిపై దాడి, ఇంట్లోవారు జైలుకెళ్లడం కూడా ఉన్నాయి. అలాంటివి నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో చవిచూసినవారిలో మద్యం వ్యసనం, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. ఎదిగాక అన్నీ మరిచిపోతాడులే అనే ఓదార్పు నిజం కాదు.

చట్టం చేతికిచ్చిన దారులు తక్కువేమీ కావు. 2005 నాటి గృహహింస చట్టం కింద తల్లి మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, రక్షణాధికారి సాయం తీసుకోవచ్చు. పిల్లల ఖర్చుకు కూడా భరణం అడగవచ్చు. 21వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు పిల్లల తాత్కాలిక సంరక్షణ తల్లికి ఇవ్వవచ్చు, తండ్రి రాక బిడ్డకు హానికరమనిపిస్తే చూడటానికి కూడా అనుమతి నిరాకరించాలి. బాధితురాలు బడికెళ్లే అమ్మాయైతే ఆమె బడిలో అడుగుపెట్టవద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు. దరఖాస్తు అందిన మూడు రోజుల్లోపు తొలి విచారణ తేదీ మామూలుగా పడాలని చట్టం చెబుతుంది. ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు.

చూసుకునే పెద్దలే లేకపోతే బాల న్యాయ చట్టం, 2015 ఉంది. టీచరైనా, పక్కింటివారైనా ఆ బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లవచ్చు. 24 గంటల్లో హాజరుపరచాలి. అనాథాశ్రమమే గతి అనుకోనక్కర్లేదు. అమ్మమ్మో, మేనమామో సాకుతానంటే కమిటీ అది కూడా పరిశీలిస్తుంది. అర్హులైన పేద కుటుంబాలకు మిషన్ వాత్సల్య పథకం స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

తల్లి హత్యకు ఏకైక సాక్షి ఇంట్లోని బిడ్డే అయితే? మధ్యప్రదేశ్‌లో తండ్రి తల్లిని చంపడం చూసిన ఏడేళ్ల కూతురి వాంగ్మూలాన్ని హైకోర్టు నమ్మక, నిందితుణ్ని విడిచిపెట్టింది. 2025 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి, కింది కోర్టు వేసిన శిక్షను నిలబెట్టింది. చిన్నపిల్ల అన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదని చెప్పింది. ఆ బిడ్డ పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లోకి ఎక్కించడం బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా వరకు పడవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ఫొటోలు పంపేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

మహిళలకు, పిల్లలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు. న్యాయ సేవల కోసం 15100కు, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098కి, మహిళల కోసం 181కి ఫోన్ చేయండి. పక్కింట్లో ఏడుపు వినిపిస్తే మీరే చేయండి.