చంపిన క్రిమితో మేలు ఎంతవరకు?

ముసురు పట్టి ఇంటింటా జ్వరాలు మొదలవగానే మా ఓ.పి.లో తరచు వినబడే మాట ఇది: "సిస్టరుగారూ, ఇమ్యూనిటీ పెరిగే ఇంజక్షన్ ఏదైనా ఉంటే వేసేయండి." అమలాపురం నుండి వచ్చినా, రాజోలు, కొత్తపేట వైపు నుండి వచ్చినా అడిగేది ఇదే. బయట ఆ పేరుతో వేసేవి చాలావరకు విటమిన్ సూదులే. అయితే ఈ ఆలోచన వెనుక నిజమైన శాస్త్రం కొంత ఉంది. దానిని ఈ నెల పాఠంగా చెబుతున్నాము.

మన శరీరానికి రెండు కాపలాలు ఉన్నాయి. మొదటిది పుట్టుకతో వచ్చేది. ఏ క్రిమి అని విచారించదు, పరాయిదని తెలియగానే మీద పడుతుంది. రెండవది ఒక్కొక్క క్రిమిని విడిగా గుర్తుపెట్టుకుంటుంది. తట్టు టీకా వంటివి దీనికే తర్ఫీదు ఇస్తాయి. మొదటి కాపలాను లేపడానికి బ్రతికున్న క్రిమి అక్కరలేదు. చంపిన బాక్టీరియా గోడలోని పదార్థాలు తగిలినా తెల్ల రక్తకణాలు మేల్కొని మిగతా కణాలకు హెచ్చరికలు పంపుతాయి. ఆ మెలకువలో వైరస్ కూడా దెబ్బతినవచ్చు.

మన దేశంలో దీనికి మంచి ఉదాహరణ మైకోబాక్టీరియం డబ్ల్యు. ఇది కుష్ఠు, క్షయ క్రిముల కుటుంబానిదే గాని మనిషికి రోగం తేదు. వేడితో చంపి వాడతారు. ఢిల్లీలో డాక్టర్ జి.పి. తల్వార్ గారి బృందం దీనిని కుష్ఠు టీకాగా రూపొందించింది. 2009లో దీనికి మైకోబాక్టీరియం ఇండికస్ ప్రాణీ అని పేరు స్థిరపడింది.

వైరస్ వల్ల వచ్చే పులిపిరులకు కూడా చర్మవైద్యులు దీనిని వాడుతున్నారు. ముందు భుజం చర్మంలో 0.1 మి.లీ. వేస్తారు, రెండు వారాల తరువాత పులిపిరిలోనే కొద్దిగా వేస్తారు. కొందరిలో సూది తగలని పులిపిరులు కూడా పోతాయి! అంటే మందు అక్కడికక్కడ కాల్చడం కాదు, రెండు కాపలాలూ కలిసి పనిచేశాయన్నమాట. సూది వేసినచోట గడ్డకట్టవచ్చు, పుండుపడి మచ్చ మిగలవచ్చు, జ్వరమూ రావచ్చు. ఆ పుండుకు పసుపు, సున్నం పట్టించవద్దు, తీసుకువచ్చి చూపించండి.

కోవిడ్‌కు పనిచేస్తుందా? 2020లో సి.ఎస్.ఐ.ఆర్. సాయంతో జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఇచ్చి చూశారు. పరీక్షించినది కొద్దిమందిని, మరణాలు తగ్గుతాయని రుజువు కాలేదు. బి.సి.జి. చంపినది కాదు, బలహీనపరచిన బ్రతికున్న క్రిమి. దానిని అనేక దేశాల ఆరోగ్య సిబ్బందికి వేసి చూడగా కోవిడ్‌ను ఆపలేదని 2023లో వెల్లడైంది. ఎంతో ఆశపెట్టుకున్నది అది.

కనుక జ్వరానికి ఈ సూది అడగకండి. డెంగీ అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించండి. జ్వరం తగ్గినా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం కనబడితే రాత్రయినా ఆస్పత్రికి తీసుకురండి. వచ్చేటప్పుడు పిల్లల టీకా కార్డు కూడా వెంట తెండి.